తియ్యటి నీళ్ల బోరు

సోమందేపల్లె,
18-9-2024.

తమ్ముడు రామాంజులుకి,

కాలికి కట్టు విప్పేదాకా మంచం దిగొద్దని డాక్టరు చెప్పినా, కర్ర పట్టుకుని రంగుల షెడ్డు దాకా పోయి వస్తున్నావట. ఓబిలేష్ చెప్పాడు. స్కూటరు మీద నుంచి పడితే విరిగింది నీ కాలు, బుద్ధి కాదు. దాన్ని కొంచెం వాడుకో. పట్టును రంగులో నువ్వు ముంచకపోతే ధర్మవరంలో చీరలు తెల్లగా ఉండిపోవులే.

మన జ్యోతి వచ్చి వారమైంది. ఏడో నెల పడింది. అల్లుడు శశికుమార్ బెంగుళూరు నుంచి తనే కారు నడుపుకుంటూ వచ్చి దింపిపోయాడు. పిల్ల చిక్కిపోయింది. అక్కడ ఏం తిన్నావే అంటే నవ్వుతుంది. ఇప్పుడు పొద్దున ఒగ్గాణి, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి. నాలుగు రోజుల్లోనే ముఖంలో కళ వచ్చింది. పురుడు దాటేదాకా దాని సంగతి నాకు వదిలెయ్. మేనత్తను మాత్రమేనా నేను? పెంచుకున్నదాన్ని.

ఉత్తరాలేమిటి ఈ కాలంలో అని నవ్వకు. మగ్గం చప్పుడుకు నా చెవులు రెండూ పోయాయి. ఫోన్ పట్టుకుంటే గుయ్యిమనడం తప్ప ఇంకేమీ వినపడదు. నువ్వు జ్యోతి ఫోనుకు చేస్తే, నువ్వన్నది అది విని నాకు సైగలు చేసి చెప్పాలి. కొన్ని మాటలు దానికి తెలియకూడనివి ఉంటాయి కదా. ఓబిలేష్ ఫోనుకు చేస్తే వీధికంతా చేసినట్టే. వాడు నా రెండో మగ్గం మీద కూర్చుని ఎనిమిదేళ్లయింది, వాడి నోటికి ఇంతవరకు తాళం దొరకలేదు. చదవడం మాత్రం రాదు, అది నయం. వాడు చీరల మూటతో ధర్మవరం బస్సెక్కినప్పుడల్లా మూటలో ఉత్తరం పెడతాను. నువ్వు కూడా పట్టు పంపేటప్పుడు అట్లే రాయి. జ్యోతిని కన్నప్పుడే దాని తల్లి పోయింది. ఆ ఊసు గానీ, ఇంకే భయం మాట గానీ ఇప్పుడు దాని చెవిన పడకూడదు. కడుపుతో ఉన్న పిల్ల భయపడితే ఆ భయం లోపలి బిడ్డకు తగులుతుందని మన అమ్మ చెప్పేది, మరిచిపోయావా?

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. ఎదురింటి నల్లమ్మకు మూడు రోజులుగా జ్వరం, విరేచనాలు. పంచాయతీ ట్యాంకు నీళ్లు తాగితే మరేమవుతుంది? ఆ ట్యాంకు కడిగినవాళ్లను నేను చూడలేదు. నేనే రోజూ మన బోరు నీళ్లు ఒక బిందె తీసుకెళ్లి ఆమె మంచం పక్కన పెట్టి వస్తున్నాను.

కాలు జాగ్రత్త.

నీ అక్క
నాగలక్ష్మి


ధర్మవరం,
22-9-2024.

అక్కకు నమస్కారం చేసి రాస్తున్నాను,

షెడ్డు దాకా పోయిన మాట నిజమే. పక్కింటి సువర్ణమ్మ కూడా నిన్నటి నుంచి నా చేతికర్ర దాచిపెట్టింది. అన్నం ఆమే వండి పెడుతోంది కాబట్టి నోరెత్తలేను. మీ ఇద్దరికీ నేను బాగా చిక్కాను.

జ్యోతి ముఖంలో కళ వచ్చిందన్నావు, అది చదివి నా ముఖంలోనూ వచ్చి ఉంటుంది. కానీ అక్కా, నల్లమ్మ జ్వరం సంగతి చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నువ్వు ఎదురింటికి పోయి వస్తున్నావు, అదే చేత్తో జ్యోతికి వడ్డిస్తున్నావు. చేతులు కడుక్కుంటావని తెలుసు. అయినా ఆ రోజుల్లో దాని తల్లికి కూడా మొదట వచ్చింది జ్వరమే. అంతకంటే రాయను.

మీ ఊళ్లో నీళ్ల ప్లాంటు నడిపే ఇమ్మానుయేల్ నాకు తెలిసినవాడే. రోజుకో క్యాన్ మీ గడపలో వేయమని ఫోన్ చేసి చెప్పాను. ఊళ్లో జ్వరాలు తగ్గేదాకా జ్యోతికి ఆ నీళ్లు పట్టు. నీ బోరును నేనేమీ అనడం లేదు. నా భయం కోసం, అంతే.

తమ్ముడు
రామాంజులు


సోమందేపల్లె,
26-9-2024.

ఒరే రామాంజీ,

నీకు నమస్కారాలు, దీవెనలు తర్వాత. ముందు ఇది విను. నిన్న పొద్దున ఇమ్మానుయేల్ ఆటో వచ్చి నా గడపలో క్యాన్ దించింది. వీధి వీధంతా బిందెలు పట్టుకుని మన కొళాయి దగ్గర నిలబడి ఉన్న వేళ. అందరూ క్యాన్‌ను చూశారు, తర్వాత నన్ను చూశారు. ఊరికి నీళ్లు పోసే ఇంట్లో నీళ్లు కొనుక్కుంటున్నారు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో చెప్పు.

మీ బావ ఆ బోరు ఎట్లా వేయించాడో నీకు తెలియంది కాదు. మొదట వేసింది ఆరు వందల అడుగులు పోయినా దుమ్మే లేచింది. మనిషి రెండు రోజులు అన్నం ముట్టలేదు. రెండోదాంట్లో గంగ పైకి లేస్తే, టెంకాయ కొట్టి, ఆ మొదటి బిందె నా చేతికిచ్చి, "ఈ నీళ్లు అడిగినోళ్లకు లేదనొద్దు లక్ష్మీ" అన్నాడు. చుట్టుపక్కల అన్నీ సౌడు నీళ్లు, పిల్లల పళ్లు గారపట్టే నీళ్లు. మనవి తియ్యటివి. ఆయన పోయి ఆరేళ్లు. ఈ ఆరేళ్లలో ఒక్క పూట ఆ కొళాయి కట్టలేదు నేను.

ఎండిన బోరునూ ఆయన ఊరికే వదల్లేదు. మరుగుదొడ్డి కట్టినప్పుడు పైపు తెచ్చి దాంట్లోకి దించేశాడు. మిగతావాళ్లు గుంతలు తవ్వి, అవి నిండినప్పుడల్లా ట్యాంకరువాడిని బతిమాలుతుంటే, మాది ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నిండలేదు. ఆయన్ను చూసి వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు వాళ్ల ఎండు బోర్లలోకి అట్లే దించుకున్నారు. అదీ మీ బావ బుర్ర. అట్లాంటి మనిషి బోరు మీద నీకు అనుమానం.

జ్వరాలు ఇంకో నాలుగిళ్లకు పాకాయి. ఓబిలేష్ పెళ్లానికి కూడా. పాపం, నాలుకంతా తెల్లగా పూసింది. అందరికీ మన నీళ్లే పంపుతున్నాను, ట్యాంకు నీళ్లు ముట్టొద్దని గట్టిగా చెప్పాను. ఇప్పుడు కొళాయి దగ్గర జనం రెట్టింపయ్యారు. జ్యోతికి జ్వరాల సంగతి చెప్పలేదు. వానలకు అందరికీ జలుబులు అన్నాను.

క్యాన్ వంటింట్లో మూల పడి ఉంది. కాళ్లు కడుక్కోవడానికి వాడుతున్నాను.

నీ అక్క


ధర్మవరం,
30-9-2024.

అక్కా,

కోపం తెచ్చుకోకుండా చదువు. చదివిన తర్వాత తెచ్చుకున్నా సరే.

ఎండిన బోరులోకి మరుగుదొడ్డి పైపు అని రాశావు చూడు, ఆ మాట దగ్గర ఉత్తరం పక్కన పెట్టేశాను. ఆ బోరుకూ, తియ్యటి నీళ్ల బోరుకూ మధ్య ఎంత దూరం? నాకు గుర్తున్నంతవరకు మీ పెరట్లో బట్టలారేసే తీగంత. ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా నిండలేదన్నావు. నిండలేదంటే అదంతా ఎక్కడికో పోతున్నట్టే కదా అక్కా. ఎక్కడికి పోతోంది?

బావ తప్పు చేశాడని కాదు. మన సీమలో ఎండిన బోరున్న ప్రతివాడూ చేసే పనే అది. అడుగున అంతా ఎండిపోయి ఉన్నన్నాళ్లు ఏమీ కాకపోయి ఉండొచ్చు. ఈసారి వానలకు నేలలో నీళ్లు పైకి లేచాయి. రాతి పగుళ్లలో ఒక బోరు నీళ్లు ఇంకో బోరులోకి పోవడం కష్టమా?

మీ వీధికి వచ్చే నర్సమ్మ అర్చన దగ్గర నీళ్లలో క్రిములు చూసే సీసా ఉంటుందట. ఒక్కసారి చూడమను. జ్యోతిని ఇక్కడికి పంపెయ్యమని కూడా అనేవాడినే, కానీ నేనే మంచంలో ఉన్నాను, ఇంట్లో ఆడదిక్కు లేదు. ఈ సంగతి దానికి మాత్రం తెలియనివ్వకు.

రామాంజులు


సోమందేపల్లె,
7-10-2024.

తమ్ముడికి,

పోయినసారి ఓబిలేష్ మూట పట్టుకుపోయినప్పుడు ఉత్తరం పెట్టలేదు. కావాలనే పెట్టలేదు. జ్యోతిని పంపెయ్యమని అనేవాడివట. నేను మురికిదాన్నా? పాతికేళ్లు దాన్ని పెంచిన చేతులు ఇప్పుడు పనికిరాకుండా పోయాయా? ఆ ఒక్క వాక్యం నాలుగు రోజులు తీసి తీసి చదివాను.

అయినా అర్చనను పిలిచాను. నీ నోరు మూయించడానికే పిలిచాను. చిన్న గాజు సీసా, అడుగున ఏదో పొడి. దాంట్లో మన నీళ్లు గీత దాకా పోసి, మూత పెట్టి, దేవుడి గూట్లో పెట్టమంది. రేపటికో ఎల్లుండికో నల్లగా మారితే తాగకూడదంది. పక్కనే దీపం పెడుతూ ఆ సీసాను చూస్తూనే ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి నల్లబడింది. పొయ్యి మీద మాడిన గిన్నె అడుగు ఎట్లా ఉంటుందో అట్లా.

సీసా కడగలేదేమో అన్నాను. ఆమె ఇంకో కొత్త సీసా తెచ్చింది. అది ఇంకా ముందే నల్లబడింది. ట్యాంకు నీళ్లతో కూడా ఒకటి పెట్టాను, నీకు నిజం చెప్పాలి కదా. అది మారలేదు.

అర్చన బోరులో బ్లీచింగు పోసింది, కాచి చల్లార్చి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. వీధివాళ్లు ఆమె ముందర తలూపారు, ఆమె అటు పోగానే ఇటు బిందెలు పట్టుకుని వచ్చారు. "లక్ష్మక్క నీళ్లకు ఏం రోగం? ఇన్నేళ్లు తాగినాం, సచ్చినామా?" అన్నాడు ఓబిలేష్. వద్దని నోటిదాకా వచ్చింది. మీ బావ మాట గుర్తొచ్చి ఆగిపోయాను. ఎవరో పైన పొలాల్లో పేడ నీళ్లు వదిలి ఉంటారు, అందువల్లేనని నేనింకా అనుకుంటున్నాను. మన మరుగుదొడ్డి నీళ్లు పోయేది ఆరు వందల అడుగుల కిందికి.

నీ కోసం జ్యోతికి క్యాన్ నీళ్లే పెడుతున్నాను. ఎందుకత్తా అంటే, కాన్పుకు ముందు క్యాన్ నీళ్లు తాగితే బలమని డాక్టరమ్మ చెప్పిందన్నాను. "సప్పగుండాయత్తా" అని మూతి ముడిచింది. తాగుతోందిలే.

నాకూ కొంచెం భయంగానే ఉంది. ఎవరితోనూ అనకు.

అక్క


ధర్మవరం,
10-10-2024.

అక్కా,

పంపెయ్యమని అనేవాడినే అన్నానుగానీ, పంపమనలేదు. నీ దగ్గర తప్ప అది ఇంకెక్కడ ఉన్నా నాకు నిద్ర పట్టదు. ఆ వాక్యం కొట్టేసుకో.

మనిద్దరం వాదించుకుంటే నీళ్లు ఎటు పోతున్నాయో తేలదు. నాకు వచ్చిన పని ఒక్కటే, రంగు వేయడం. షెడ్డులో తొట్టి ఎక్కడ కారుతోందో తెలియకపోతే దాంట్లో రంగు కలిపి చూస్తాం. నేల మీద ఎక్కడ రంగు తేలితే అక్కడ పగులు. ఈ మూటలో రాణి రంగు పొట్లం పెట్టాను. చీర అంచులకు వేసేదే, చిటికెడు ఉన్నా కంటికి తెలుస్తుంది. పొట్లమంతా బకెట్టు నీళ్లలో కలిపి మరుగుదొడ్లో పోసెయ్. దాని వెనకే ఇంకో పది బకెట్లు పొయ్యి. తర్వాత రోజూ పొద్దున మోటారు వేయగానే తెల్లటి గిన్నెలో పట్టి చూడు. వారం దాకా చూడు, తొందరపడకు. ఈ వారం ఆ నీళ్లు ఎవరినీ తాగనివ్వకు.

రంగు రాకపోతే, కట్టు విప్పిన రోజే వచ్చి నీ కాళ్ల మీద పడతాను. బావ ఫోటో కాళ్ల మీద కూడా.

రామాంజులు


సోమందేపల్లె,
15-10-2024.

కాళ్ల మీద పడటానికి సిద్ధంగా ఉండు.

శుక్రవారం సాయంత్రం జ్యోతి గుడికి పోయినప్పుడు నీ రంగు పోశాను. మరుగుదొడ్డి బండంతా ఎర్రబడితే, చీపురు అరిగేదాకా కడిగాను. శనివారం చూశాను, తెల్లటి నీళ్లు. ఆదివారం, సోమవారం కూడా అంతే. ఈ రోజు పొద్దున మీ బావ స్టీలు గ్లాసులో కాదు, నువ్వు చెప్పినట్టే తెల్లటి పింగాణీ గిన్నెలో పట్టి, ఎండలో పెట్టి, అద్దాలు పెట్టుకుని చూశాను. ఒక్క చుక్క రంగు లేదు. అర్చనకు కూడా చూపించాను. "ఇంకా కొన్ని దినాలు సూడల్లమ్మా" అంటుంది. ఎన్ని రోజులు చూస్తాం? నాలుగు రోజులుగా ఇంటికి వచ్చినవాళ్లను ఏదో ఒక సాకు చెప్పి తిప్పి పంపాను, మోటారు కాలిపోయిందని ఒకరికి, కరెంటు లేదని ఒకరికి. ఈ రోజు మళ్లీ కొళాయి తిప్పాను. నా ప్రాణం లేచి వచ్చింది.

ఎదురింటి నల్లమ్మ నిన్న పోయింది. పెద్దదే, ఎనభై దాటిన మనిషి. శవాన్ని కడగడానికి మన బోరు నీళ్లే పట్టుకుపోయారు. జ్యోతికి చెప్పలేదు. కూతురింటికి పోయిందన్నాను.

నీ మాట తీసేయకుండా జ్యోతికి క్యాన్ నీళ్లే ఉంచుతాను. పురుడు దాటేదాకా.

అక్క


సోమందేపల్లె,
18-10-2024.

రామాంజీ,

జ్యోతికి జ్వరమని శశికుమార్ ఫోన్లో చెప్పే ఉంటాడు. అల్లుడికి కూడా తెలియనిది రాస్తున్నాను.

ఈ రోజు పొద్దున మోటారు వేశాను. కొళాయి కింద మొదటి బిందె ఓబిలేష్ కూతురిది. నేను లోపల పోగు అతుకుతున్నాను. ఎవరో వచ్చి నా భుజం పట్టి ఊపితే బయటకు వచ్చాను. బిందె నిండా రాణి రంగు. వరసలో ఉన్న బిందెలన్నీ అదే రంగు. పెళ్లి చీర ఉతికిన నీళ్లలా ఉంది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. గంగమ్మకు కోపం వచ్చిందని ఒకామె దండం పెడుతోంది. నాకు తెలుసు కదా అది ఎక్కడి నుంచి వచ్చిందో.

జ్యోతి కూడా బయటకు వచ్చింది. ముందు నవ్వింది, ఇదేం వింత అని. తర్వాత నా చెవి దగ్గరకు వచ్చి గట్టిగా అరిచి చెప్పింది. "నిన్న సాయంత్రం కూడా తాగినానే అత్తా. అప్పుడు తెల్లగుండె."

క్యాన్ నీళ్లు సప్పగా ఉన్నాయని మొదటి రోజు నుంచే అది తాగడం లేదట. నేను మగ్గం గుంతలో దిగి కూర్చోగానే పెరట్లోకి పోయి, కొళాయి తిప్పి దోసిలి పట్టి తాగేదట. బోరు దగ్గర చప్పుడైనా నాకు వినపడదు కదా. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి అట్లే తాగేది. వద్దని చెప్పినవాళ్లెవరు దానికి? బలం కోసం క్యాన్ అన్నాను. బలం వద్దనుకుంది.

ఒళ్లు కాలిపోతోంది. మూడు రోజులుగా తలనొప్పి అంటుంటే ఎండకు అనుకున్నాను. నాకేం చేయాలో తోచడం లేదు రామాంజీ.

అక్క


ధర్మవరం,
18-10-2024, సాయంత్రం.

అక్కా,

ఓబిలేష్ బస్సు దిగి నేరుగా ఇంటికే వచ్చాడు. వాడి చేతికే ఇచ్చి వెంటనే వెనక్కి పంపుతున్నాను.

శశికుమార్ బెంగుళూరు నుంచి బయలుదేరాడు. వాడు రాగానే జ్యోతిని అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోండి. ఊళ్లో సూదుల డాక్టరు దగ్గర ఒక్క గంట కూడా వృథా చేయొద్దు. డాక్టర్లకు అన్నీ చెప్పు, నీళ్లు, సీసాలు, రంగు, వీధిలో జ్వరాలు. వాళ్ల దగ్గర ఒక్క ముక్క దాచకు. నువ్వు చెప్పిందాన్ని బట్టే మందు వేస్తారు.

జ్యోతికి మాత్రం ఏమీ చెప్పొద్దు. అది భయపడితే నేను తట్టుకోలేను.

కొళాయి కట్టెయ్. బావ ఉన్నా కట్టేసేవాడు.

రామాంజులు


అనంతపురం ఆసుపత్రి,
25-10-2024.

తమ్ముడికి,

సువర్ణమ్మ రోజూ నీకు వండిన చేత్తోనే మాకూ క్యారియరు కట్టుకుని రైలెక్కి వస్తోంది. ఆమె చేతికే ఇది ఇస్తున్నాను. ఆమె రుణం ఏం చేసినా తీరదు.

టైఫాయిడ్ అని రక్తం చూసి చెప్పారు. కొళాయి కట్టి వచ్చాను, స్టార్టరు తీసి బియ్యం డబ్బాలో పెట్టాను. బయలుదేరే ముందు వీధిలో నిలబడి అందరికీ నేనే చెప్పాను, ఆ నీళ్లలో ఏం కలిసిందో. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నల్లమ్మ కోడలు లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆమె అత్త మంచం పక్కన రోజూ బిందె పెట్టింది నేనే కదా.

మొన్న జ్యోతికి నొప్పులు మొదలయ్యాయి. ఎనిమిదో నెల కూడా నిండలేదు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత. చూడనిచ్చింది ఒక్కసారే. ఏడ్చినట్టు లేదు, పిల్లిపిల్లలా చిన్నగా నోరు తెరిచింది. వెంటనే కింది అంతస్తులో గాజు పెట్టెల వార్డుకు తీసుకుపోయారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ చేరిందట. ఊపిరికి మిషను పెట్టారు. శశికుమార్ ఫోనూ, తిండీ అక్కడే పెట్టుకుని ఆ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. "ఇప్పుడే ఏం చెప్పలేమమ్మా" అన్నాడు డాక్టరు. నేను చెవిటిదాన్నని కాగితం మీద రాసి చూపించాడు. ఆ కాగితం చించేశాను, జ్యోతి కంట పడకుండా.

రంగు సంగతి, బోరు సంగతి జ్యోతి అడిగింది. అంతా చెప్పేశాను, ఇక దాచడానికి ఏముంది? దాని కాళ్లు పట్టుకున్నాను. నా చేతులు తీసి తన చెంపకు పెట్టుకుంది. కానీ బిడ్డ సంగతి చెప్పలేదు. బిడ్డ బాగుంది, పాలు తాగుతోంది, బరువు తక్కువని కింద ఉంచారు అన్నాను. నువ్వు ఫోన్ చేసినా అదే చెప్పు. దానికింకా జ్వరం దిగలేదు. పచ్చి బాలింత.

నాకు మాత్రం ఏమీ కాలేదు చూడు. అందరికంటే ఎక్కువ తాగింది నేనే.

అక్క


అనంతపురం,
26-10-2024.

నాయనా,

అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోవద్దు, చేతికి సెలైన్ సూది ఉంది. సువర్ణక్కను కాగితం అడిగితే బిస్కెట్ల పొట్లం చించి ఇచ్చింది.

అత్తను నువ్వు ఒక్క మాట కూడా అనొద్దు. అన్నం తినడం లేదు, నా మంచం కిందే పడుకుంటోంది. మంచినీళ్ల గ్లాసు ఇస్తే దాన్ని పట్టుకుని చూస్తూ కూర్చుంటుంది, తాగదు.

మీరిద్దరూ నెల రోజులుగా ఉత్తరాలు రాసుకున్నారట. సీసా నల్లబడిందని మీకు తెలుసు, వీధిలో జ్వరాలని తెలుసు, నల్లమ్మవ్వ పోయిందని తెలుసు. నేను కూతురింటికి పోయిన నల్లమ్మవ్వ కోసం స్వెట్టరు అల్లుతున్నాను. నాకు చెబితే భయపడతానని చెప్పలేదన్నది అత్త. చెప్పి ఉంటే భయపడి ఉండేదాన్ని నాయనా. అంతే కదా. ఇంకేమయ్యేది?

ఇప్పుడు బిడ్డ బాగుందంటున్నారు. అత్త అంటోంది, ఆయన అంటున్నారు, నర్సులు కూడా నవ్వుతూ అదే అంటున్నారు. పాలు తాగుతోందట. ఎవరి పాలు? మూడు రోజులుగా నా పాలు ఎవరూ అడగలేదు. రొమ్ములు రాళ్లలా ఉన్నాయి. రాత్రుళ్లు అత్త చూడకుండా గుడ్డలోకి పిండి పారేస్తున్నాను.

అమ్మ సంగతి కూడా నాకు పదో తరగతిలో ఎవరో బయటివాళ్లు చెబితే తెలిసింది. నువ్వు చెప్పలేదు. నేను అడగలేదు, నువ్వు బాధపడతావని. ఇప్పుడు అడుగుతున్నాను. నా బిడ్డకు ఏమైంది? నువ్వు రాసిందే నమ్ముతాను.

నీ జ్యోతి


ధర్మవరం,
26-10-2024.

అమ్మా జ్యోతీ,

నీ ఉత్తరం చదివి శశికుమార్‌కు ఫోన్ చేశాను. డాక్టరుకు ఇవ్వమని అడిగాను. ఆయన ఇప్పుడు ఏం చెప్పాడో అదే రాస్తున్నాను. ఫోన్లో నీతో ఇదంతా చెప్పలేను, అందుకే సువర్ణమ్మను సాయంత్రం రైలుకే వెనక్కి పంపుతున్నాను.

బిడ్డ బాగా లేదు తల్లీ. బతికి ఉంది. నీకు వచ్చిన జ్వరమే దాని రక్తంలోకీ వచ్చింది. తనంతట తాను ఊపిరి తీసుకోలేకపోతోంది, మిషను తీసుకుంటోంది. నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఎక్కువ కాలేదు, తగ్గలేదు. దక్కుతుందని డాక్టరు అనలేదు, దక్కదని కూడా అనలేదు. పాలు ముక్కు గొట్టంలో చుక్కలు చుక్కలుగా పోస్తారట. తల్లి పాలైతే మేలని ఆయనే అన్నాడు. నిన్ను ఎవరూ అడగలేదంటే ఆశ్చర్యపోయాడు. ఇక పారేయొద్దు. నర్సును శుభ్రమైన గిన్నె అడుగు. కింది అంతస్తుకు చక్రాల కుర్చీలో దింపి నీ బిడ్డను నీకు చూపించమని చెప్పాను. ఒళ్లంతా గొట్టాలు ఉంటాయి. చూడటం కష్టంగా ఉంటుంది.

మీ అమ్మ సంగతి నేనే చెప్పాల్సింది. వచ్చి చెబుతాను.

కట్టు కాలుతోనే పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను. నీ పక్కనే ఉండి, డాక్టరు ఏ పూట ఏమన్నా, మంచిదైనా కాకపోయినా, అన్నది అన్నట్టు నీకే ముందు చెబుతాను. నాకు చాలా భయంగా ఉంది జ్యోతీ. నీకూ ఉంటుంది. వచ్చాక ఇద్దరం కలిసే భయపడదాం.

నాయన